ఘాటు కాదు

“ఫోన్ ఇటివ్వండి,” అంది జయకుమారి.

ప్రసన్నకుమార్ మాస్టారు ఇవ్వలేదు. ఫోన్ ఆపేసి జేబులో వేసుకుని, ప్లేటులోని ఇడ్లీల వంక పరీక్ష పేపర్లు దిద్దేటంత శ్రద్ధగా చూడసాగారు.

“గుంటూరు నుంచి యలమంద మూడుసార్లు చేశాడు. మూడోసారి మీరే కట్ చేశారు. నేను చూస్తూనే ఉన్నాను.”

“ఛార్జింగ్ అయిపోయింది.”

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఆ ఫోన్ తెల్లవార్లూ ఛార్జింగులోనే ఉంది. పొద్దున్నే వైరు పీకి ఆయన చేతికిచ్చింది జయకుమారే. ఇరవై రెండేళ్ళ కాపురంలో మాస్టారికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. చేతనైన అబద్ధం ఒక్కటే. దాన్ని ఊరంతా నమ్మింది. ఇప్పుడు అదే ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

మొదటి ఫోన్ స్పీకరు పెట్టి మాట్లాడారు కాబట్టి జయకుమారికి సంగతంతా తెలుసు. యలమంద భార్య శ్రీరమ్యకి మెనింజైటిస్ అని డాక్టరుగారి అనుమానం. మెదడు చుట్టూ ఉండే పొరల్లో క్రిములు చేరి, ఆ పొరలు వాచిపోయే జబ్బట. రాత్రే మందులు మొదలుపెట్టారు. కానీ అది ఏ క్రిమో తేలాలంటే వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్ష చెయ్యాలి. క్రిమిని బట్టే అసలు మందు. ఆ మాట వినగానే యలమంద తల్లి సుబ్బరావమ్మ మంచానికి అడ్డం పడింది. మా కోడలి నడుములో సూది గుచ్చనివ్వను, పన్నెండింటికి కారు మాట్లాడాను, ఇంటికి తీసుకుపోతాను అని భీష్మించుకు కూర్చుంది. ఈ స్థితిలో తీసుకుపోతే మనిషి దక్కదని డాక్టరుగారు చెప్పి చూశారు. ఆవిడ వినలేదు.

వినకపోవడానికి ఆవిడ దగ్గర రుజువుంది. ఆ రుజువు మాస్టారి కూతురు లిడియా.

“ఆ పిల్లకి ఈ సూదే వేశారు. చెవులు రెండూ పోయాయి. స్వయానా మాస్టారే చెప్పారు,” అంటోందట.

అందుకే యలమంద మాస్టారికి ఫోన్ చేశాడు. “మీరొక్క మాట చెప్పండి మాస్టారూ. సూది వల్లే పోయాయా? మా అమ్మ మీ మాటైతే వింటుంది.”

మాస్టారు గొంతు సవరించుకుని, మళ్ళీ చేస్తానన్నారు. చెయ్యలేదు. గోడ గడియారం ఎనిమిదింబావు చూపిస్తోంది.

* * *

ఆ ఇంట్లో ఒకరు మాస్టారు, ఒకరు మేస్త్రి అని ఊళ్ళో సరదాగా అనుకుంటారు. పర్చూరు పక్కనున్న ఆ ఊళ్ళో మాస్టారు చర్చి బడిలో లెక్కలు చెబుతారు, సంఘ పెద్ద కూడా. జయకుమారి మిరప కోతలొస్తే అరవైమంది ఆడవాళ్ళని పొలాలకి, కల్లాలకి తీసుకుపోయే మేస్త్రి. మాస్టారు చెబితే ఊరు వింటుంది, మేస్త్రి చెబితే కల్లం వింటుంది. ఇంట్లో ఎవరి మాట ఎవరు వినాలన్నది మాత్రం ఇరవై రెండేళ్ళయినా తేలలేదు.

నిన్న యలమంద కల్లంలో తాలు కాయలు ఏరుతున్నారు. ఎండబెట్టిన ఎర్రటి కాయల్లోంచి తెల్లబారినవి తీసి పక్కన పెట్టే పని. శ్రీరమ్య రైతు భార్యనని దూరంగా కూర్చునే రకం కాదు, నాలుగు రోజులుగా కూలీల మధ్యే కూర్చుని ఏరుతోంది. నిన్న పొద్దుటి నుంచి ఆ పిల్ల తల పట్టుకుంది. వెలుతురు చూడలేక కొంగు ముఖం మీదికి లాక్కుంది. పదకొండింటికి వాంతి చేసుకుంది. అన్నిట్లోకీ కారమైన తేజ రకం కాయ కదా, ఘాటు కొట్టిందన్నారు ఆడవాళ్ళు. ముఖం కడిగారు, మజ్జిగ ఇచ్చారు. మెడ నొప్పెడుతోందంటే గంపలు ఎత్తావు కాబట్టి పట్టేసిందన్నారు. తప్పు పట్టడానికి లేదు. ఆ కాలంలో కల్లం దగ్గర కళ్ళు మండని మనిషి, తల బరువెక్కని మనిషి ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఉండరు. ఏ బాధైనా సరే ఘాటు ఖాతాలో వేసెయ్యడం వాళ్ళకి అలవాటు.

జయకుమారి మాత్రం ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది. “అమ్మాయీ, గడ్డం గుండెకి ఆనించు,” అంది. శ్రీరమ్య ప్రయత్నించింది, ఆనలేదు, నొప్పికి కేక పెట్టింది. గంట తిరక్కుండా యలమందని పొలం నుంచి పిలిపించి గుంటూరు కారెక్కించింది జయకుమారి. నీకెలా తెలుసే అని అందరూ అడిగితే, ఎక్కడో విన్నానంది.

విన్నది కాదు, అనుభవించింది. రెండేళ్ళ కిందట, వేసవి సెలవులకి ముందు, లిడియా తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లితో సరదాగా కల్లానికి వచ్చింది. సాయంత్రానికి తలనొప్పి, జ్వరం, వాంతులు. మాస్టారు చూసి, ఘాటు పడలేదు, పడుకోనివ్వు అన్నారు. మర్నాడు జయకుమారి ఆసుపత్రికి పోదామంది. ఘాటుకి గుంటూరు తీసుకెళ్ళామంటే నలుగురూ నవ్వుతారని కొట్టిపారేశారు. మూడో రోజు పొద్దున పిల్ల తల్లిని చూసి ఎవరు నువ్వని అడిగింది. అప్పుడు పరుగెత్తారు. పిల్ల బతికింది. చెవులు దక్కలేదు.

ఊరికి తిరిగొచ్చాక మాస్టారు చెప్పింది వేరు. వెన్నులో సూది వేశారు, దానివల్ల చెవులు పోయాయి అన్నారు. ఎవరూ ఎదురడగలేదు. లెక్కల మాస్టారు లెక్క తప్పు చెబుతారని ఎవరనుకుంటారు?

* * *

“ఇప్పుడే చేసి చెప్పండి. సూది వల్ల కాదని చెప్పండి చాలు,” అంది జయకుమారి.

“సూది వల్ల కాకపోతే మరి దేనివల్ల అని అడుగుతారు.”

“అడుగుతారు.”

“ఏం చెప్పమంటావు?”

“జరిగింది.”

మాస్టారు లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. ఇడ్లీ ముట్టుకోలేదు, అయినా కడుక్కున్నారు. తువ్వాలు వెతుక్కుంటూ, ఇటు తిరక్కుండానే, “నువ్వు మాత్రం? రెండేళ్ళు నువ్వెందుకు నోరెత్తలేదు?” అన్నారు.

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. తిలా పాపం తలా పిడికెడు. సుబ్బరావమ్మ ఒకసారి కల్లంలో, మాస్టారమ్మాయి చెవులు డాక్టర్లే పోగొట్టారంటగా అంటే, జయకుమారి తల దించుకుని కాయలు ఏరుకుంది. మొగుడి పరువనుకుంది. నిజానికి మొగుడి పరువే కాదు, తన భయం కూడా. రెండో రోజు తానే పిల్లని భుజాన వేసుకుని పోయుంటే ఆపేవాడెవడు? ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని భయం.

“నా తప్పు నేనూ ఒప్పుకుంటాను. వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు వినేది మీ మాట. ఫోన్ కట్ చేశాక ఇక ఎదురుగానే చెప్పాలి, రండి.”

మాస్టారు రాలేదు. మంచం మీద కూర్చున్నారు.

“నాన్నా, నాకు తెలుసు.”

గుమ్మంలో లిడియా నిలబడి ఉంది, సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చెవులు పోయాక ఆ పిల్ల పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో గుసగుసలు చెల్లడం లేదు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఎప్పుడూ వీధి చివరికి వినపడేంత గట్టిగా మాట్లాడుతుంది.

“నా చెవులు సూది వల్ల పోలేదు. ఆలస్యం వల్ల పోయాయి. ఏడాది కిందటే ఫోన్‌లో చదివాను.”

జయకుమారి కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది. “నాకెందుకు చెప్పలేదే?”

“మీరిద్దరూ నాకు చెప్పలేదుగా,” అంది లిడియా. కోపంగా అనలేదు. ఆ తర్వాత తండ్రి వైపు తిరిగింది. “మీరే చెబుతారని చూస్తున్నాను నాన్నా. ఇన్నాళ్ళూ చూశాను. ఇవాళ ఇక చూడలేను. శ్రీరమ్యక్క నాకు జడ వేసేది. నేను గుంటూరు పోతున్నాను.”

ముప్ఫయ్యేళ్ళుగా పిల్లల్ని నిలబెట్టి జవాబు చెప్పమని అడిగిన మాస్టారు, ఈసారి తనే జవాబు లేక కూర్చున్నారు.

* * *

పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది, తర్వాతది పట్టుకుంటే పన్నెండు లోపు చేరేలా లేదు. అదృష్టం బాగుండి గౌస్ బాషా వ్యాను కనబడింది. గుంటూరు మార్కెట్ యార్డుకి మిరప టిక్కీలు, అంటే కాయలు నింపిన బస్తాలు, తోలుతుంటాడు. గోతాలు నింపి తాళ్ళు బిగిస్తున్నాడు. సంగతి వినగానే, ఎక్కండక్కా అన్నాడు. కేబిన్లో ఇద్దరికే చోటు. తల్లీ కూతుళ్ళు ఎక్కి కూర్చున్నారు.

వ్యాను కదలబోతుండగా మాస్టారు పరుగున వచ్చారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ. ఆయన పరుగెత్తడం ఊరు చూసి చాలా ఏళ్ళయింది.

“ముందర చోటు లేదు మాస్టారూ,” అన్నాడు గౌస్ బాషా.

“వెనక ఎక్కుతాను.”

“తేజ కాయండీ. మీరు తట్టుకోలేరు.”

“తట్టుకుంటాను,” అని ఆయన టైరు మీద కాలేసి గోతాల మీదికి ఎక్కారు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో.

చిలకలూరిపేట దాటేసరికి ఎండ ముదిరింది. అద్దంలో మాస్టారు కనబడుతూనే ఉన్నారు. తాడు పట్టుకుని, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒకటే దగ్గు. కళ్ళు తుడుచుకుంటారు, ఆ చెయ్యి ఘాటుది కాబట్టి ఇంకా మండుతాయి, మళ్ళీ తుడుచుకుంటారు. లిడియా చూడలేకపోయింది. నేను వెనక్కి పోతాను, నాన్నని ఇటు రమ్మందాం అంది. జయకుమారి కూతురి చెయ్యి పట్టుకుని, ఉండనివ్వమంది. ఆవిడకి జాలేసింది, నవ్వొచ్చింది, కడుపులో ఎక్కడో పాత కోపం కొంచెం చల్లబడింది. దారి పొడుగునా ప్రభువా, పన్నెండు కానివ్వకు అని ప్రార్థించుకుంది.

ఆసుపత్రి గేటు ముందు దిగేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ. గేటు పక్కన సుబ్బరావమ్మ మాట్లాడిన కారు అప్పటికే వచ్చి ఉంది.

* * *

రెండో అంతస్తులో, వార్డు బయట బల్ల మీద సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. పక్కన సంచీ సర్దేసి ఉంది. యలమంద గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో కాగితం. పరీక్షకి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితమది. రాత్రి నుంచీ అతని చేతిలోనే నలుగుతోంది.

మాస్టారు ముందు నడిచారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముక్కు ఎగబీలుస్తున్నారు. సుబ్బరావమ్మ ఆయన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చూడరా యలమందా, మాస్టారు కూడా ఎట్లా ఏడుస్తున్నారో. నా కోడలు ఆయన చేతికింద చదువుకున్నది కూడా కాదు. ఎంత మంచి మనిషిరా.”

“ఏడుపు కాదమ్మా,” అన్నారు మాస్టారు. “ఘాటు.”

ఆవిడకి అర్థం కాలేదు.

“టిక్కీల మీద కూర్చుని వచ్చాను. కళ్ళు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, దగ్గొస్తోంది. ఘాటంటే ఇదీ. ముఖం కడుక్కుని గాలికి కూర్చుంటే కాసేపట్లో పోతుంది. ఘాటుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం రాదమ్మా. మెడ కొయ్యబారదు. చూడండి.” మాస్టారు తల వంచి గడ్డం గుండెకి ఆనించారు. కన్నీళ్ళు టపటపా చొక్కా మీద పడ్డాయి. “నాది ఆనుతోంది. మీ కోడలిది ఆనలేదు. రెండేళ్ళ కిందట నా కూతురిదీ ఆనలేదు.”

సుబ్బరావమ్మ చూపు లిడియా మీదికి పోయింది. “మరి ఆ పిల్లకి సూది…”

“సూది వల్ల కాదు. నా వల్ల.”

వార్డులోకి పోతున్న నర్సు ఆగింది.

“జ్వరమొస్తే ఘాటన్నాను. వాంతి చేసుకుంటే ఘాటన్నాను. ఈవిడ ఆసుపత్రికి పోదామంటే నలుగురూ నవ్వుతారన్నాను. మూడో రోజు తీసుకొచ్చాను. సూది వేసి పరీక్ష చెయ్యబట్టే ఏ క్రిమో తేలింది, నా బిడ్డ బతికింది. చెవులు పోయింది ఆలస్యం వల్ల. ఆ ఆలస్యం నాది.”

“అయితే సూదని ఎందుకు చెప్పారు మాకు?” అని అడిగాడు యలమంద.

“అట్లా చెబితే నా తప్పు కనబడదు కాబట్టి.”

సుబ్బరావమ్మ లేచింది. చిన్న మనిషి, మాస్టారి భుజానికి కూడా రాదు.

“మీ మాట నమ్మి నా కోడల్ని నేనే చంపుకునేదాన్ని కదయ్యా,” అంది.

మాస్టారు తల దించుకోలేదు. ఆ మాట తనకి రావలసిందే అన్నట్టు నిలబడ్డారు. జయకుమారి ముందుకొచ్చి ఆయన పక్కన నిలబడింది. “నాకూ తెలుసమ్మా. కల్లంలో మీరంటుంటే వింటూ కూర్చున్నాను. ఆ తిట్లలో సగం నావి.”

సుబ్బరావమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. తర్వాత లిడియాని దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. పిల్ల వీపు మీద, నడుము మీద తడిమి చూసింది.

“ఇక్కడేనా వేశారు?”

“అక్కడే,” అంది లిడియా వార్డంతా దద్దరిల్లేలా. “నొప్పెట్టింది. రెండు రోజులు నడుము లాగింది. తర్వాత ఏమీ లేదు.”

“కాళ్ళు?”

లిడియా నవ్వింది. చెప్పులు విప్పి బల్ల కింద పెట్టింది. ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుగెత్తింది. ఖోఖో ఆడే పిల్ల, గోడ ముట్టుకుని గిర్రున తిరిగి మళ్ళీ వచ్చింది. ఆసుపత్రిలో పరుగులేంటని నర్సు అరుస్తోంది. ఆ అరుపు వినపడనిది ఆ వరండాలో లిడియా ఒక్కదానికే కాబట్టి ఇంకో చుట్టు కూడా కొట్టింది. రొప్పుతూ వచ్చి సుబ్బరావమ్మ ముందు నిలబడింది.

సుబ్బరావమ్మ ఆ పిల్ల చెంపలు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే కొడుకుతో, “సంతకం పెట్టరా. కిందకి పోయి ఆ కారు పంపించెయ్యి. కోటయ్య స్వామికి నేను మొక్కుకున్నాను. నువ్వు డాక్టరు దగ్గరికి పో,” అంది.

ఆసుపత్రి గోడ గడియారంలో రెండు ముళ్ళూ పన్నెండు మీద కలిశాయి. యలమంద బల్ల మీద కాగితం పరిచి సంతకం పెట్టాడు.

* * *

పరీక్షలో క్రిమి తేలింది, మందు మార్చారు. మూడు రోజులు ఎవరికీ కంటి మీద కునుకు లేదు. నాలుగో రోజు పొద్దున శ్రీరమ్య కళ్ళు తెరిచి, కిటికీ వెలుతురు వైపు చూసి, తల తిప్పుకోలేదు. అత్తగారిని గుర్తుపట్టింది.

“కల్లంలో కాయలు కుప్పగా ఎగదోయించారా అత్తయ్యా?” అని అడిగింది.

పెళ్ళయిన ఆరేళ్ళలో, కోడలికి పొలం పని పట్టదని వీధిలో నలుగురికీ చెప్పుకున్న సుబ్బరావమ్మ ఆ ప్రశ్నకి మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది. ఊరికి ఫోన్ చేసి, ఎత్తిన ప్రతివాళ్ళకీ ఆ మాటే చెప్పింది. వారం తర్వాత చెవుల పరీక్ష చేశారు. రెండూ బాగున్నాయి. ఆ కాగితం ఫోటో యలమంద మొదట పంపింది లిడియాకి. లిడియా దాన్ని చూసి ఇల్లంతా గంతులేసి, తర్వాత పెరట్లోకి పోయి కాసేపు ఒంటరిగా కూర్చుంది. జయకుమారి కిటికీలోంచి చూసింది కానీ పిలవలేదు. కొన్ని సంతోషాల్లో కొంచెం ఏడుపు కలిసే ఉంటుందని ఆవిడకి తెలుసు.

మధ్యలో వచ్చిన ఆదివారం మాస్టారు ఆరాధన అయ్యాక లేచి సంఘమందరి ముందూ అదే చెప్పారు, ఒక్క ముక్క తగ్గించకుండా. పెద్దరికం వదులుకుంటానన్నారు. సంఘం ఇంకా ఏమీ తేల్చలేదు. కొందరు ఆయనకి వందనాలు చెప్పడం మానేశారు. అంతకు ముందు పలకరించని కొందరు ఇంటికొచ్చి, మా వాడికి ఆ మధ్య జ్వరమొస్తే మేమూ అట్లాగే అన్నాం మాస్టారూ అని చెప్పుకుపోయారు. ఆ పొద్దున ఇడ్లీ ముట్టుకోని మాస్టారు మాత్రం ఆదివారం రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు.

* * *

కల్లంలో అందర్నీ కూర్చోబెట్టాలన్నది సుబ్బరావమ్మ ఆలోచన. ఆవిడకి ఏదైనా తోస్తే ఊరికి తోచినట్టే. పని మధ్యాహ్నమే ఆపించి, ఎర్రటి కుప్పల పక్కన పట్టాలు పరిపించి, అరవైమంది కూలీలకీ మజ్జిగ పోయించింది. శ్రీరమ్యని కుర్చీలో కూర్చోబెట్టి, లేవబోతే మందలిస్తోంది. ఆశా కార్యకర్త జాస్మిన్ వచ్చింది. మాస్టారు ఎవరూ పిలవకపోయినా వచ్చి వెనక వరసలో నిలబడ్డారు.

మైకు తెస్తానన్నాడు యలమంద. లిడియా ఉండగా మైకెందుకన్నారు ఆడవాళ్ళు. లిడియా ఆ మాట వాళ్ళ పెదవుల మీద చదివి అందరికంటే గట్టిగా నవ్వింది. 

తనకేమైందో తానే చెప్పింది. ఎవరి మీదా కోపం లేకుండా, దాచుకోకుండా చెప్పింది. విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం. ఇవి ఒక్కసారే అన్నీ రావాలని లేదు, రెండు మూడు కలిసినా ఆగొద్దంది. 

“మీకు ఘాటు అనిపిస్తే ముఖం కడుక్కోండి. జ్వరముంటే మాత్రం కడుక్కుంటూ కూర్చోకండి. బండెక్కండి,” అంది.

అప్పుడు సుబ్బరావమ్మ లేచి, ఏదీ అందరూ గడ్డం ఆనించండి చూద్దాం అంది. అరవైమంది తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తలలు వంచారు. ఒకామె నా గడ్డం ఆనుతుంది గానీ పొట్టే అడ్డమొస్తోందంది. కల్లమంతా గొల్లుమంది. జయకుమారి కూడా నవ్వింది. రెండేళ్ళలో ఆ కల్లంలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. వెనక వరసలో మాస్టారు కూడా గడ్డం ఆనించారు, బడిపిల్లాడిలా.

నవ్వులు తగ్గాక జాస్మిన్ ఒక్క విషయం చెబుతానంది. గడ్డం ఆనినంత మాత్రాన ఏమీ లేదనుకోవద్దు, మిగతావి ఉంటే రావాల్సిందే. మరీ పసిపిల్లలు తలనొప్పని చెప్పలేరు, మెడ కూడా బిగుసుకోకపోవచ్చు. పాలు పట్టరు, సన్నగా గీపెడుతూ ఏడుస్తారు లేదా లేపినా లేవరు, మాడు ఉబ్బినట్టుంటుంది. టీకాలు వాయిదా వెయ్యకండి, ఈ జబ్బు తెచ్చే క్రిముల్లో కొన్నింటిని ఆ టీకాలే ఆపుతాయి అని చెబుతోంది.

మూడో వరసలో కూర్చున్న కరుణ లేచి నిలబడింది. కూలీలందరిలో చిన్నది. కల్లం చివర పట్టా నీడలో చీర ఉయ్యాల కట్టి, నాలుగు నెలల పాపని అందులో పడుకోబెట్టి పనిలోకి దిగింది పొద్దున.

“మేస్త్రమ్మా,” అంది జయకుమారి వైపు చూసి, మెల్లగా. “మా పాప పొద్దుటి నుంచి పాలు పట్టడం లేదు. ఇందాక లేపితే లేవలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎండకి అనుకున్నాను.”

మజ్జిగ గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినబడింది. అరవైమందిలో ఒక్కరు కూడా ఘాటనలేదు.

జాస్మిన్ ఉయ్యాల దగ్గరికి పరుగెత్తింది. పాప మాడు మీద వేలు ఆనించి చూసి, తలెత్తి జయకుమారి వైపు చూసింది. ఆ చూపు చాలు. సుబ్బరావమ్మ అప్పటికే కొడుకుని కేకేస్తోంది, శ్రీరమ్యని తీసుకొచ్చిన అద్దె కారు తియ్యమని. శ్రీరమ్య కుర్చీలోంచి లేచి తన శాలువా కరుణ భుజాల మీద కప్పింది, ఈసారి అత్తగారు మందలించలేదు. మాస్టారు గుంటూరు ఆసుపత్రికి ఫోన్ కలిపారు. నాలుగు నెలల పాప, జ్వరం, పాలు పట్టడం లేదు, బయల్దేరుతున్నాం అని, తడుముకోకుండా, గట్టిగా చెప్పారు.

జయకుమారి పాపని ఎత్తుకుని వెనక సీట్లో కరుణ పక్కన కూర్చుంది. మాస్టారు తలుపు వేస్తూ చేతి గడియారం చూసుకున్నారు. లిడియాకి మూడు రోజులు పట్టిన దారి. కరుణ నోరు తెరిచినప్పటి నుంచి కారు కదిలేదాకా నాలుగు నిమిషాలు పట్టింది.

కల్లంలో ఆడవాళ్ళంతా రెండు పక్కలకీ జరిగి దారిచ్చారు. కారు మట్టి బాట దిగి తారు రోడ్డెక్కింది. పాప ఇంకా కళ్ళు తెరవలేదు. జయకుమారి తన చూపుడువేలు ఆ చిన్న పిడికిట్లో పెట్టింది. పిడికిలి మూసుకుంది, వేలు వదల్లేదు.